బాకీ పదకొండు నిమిషాలు

నా పని జెండాలు పాతడం.
మాదాపూర్‌లో, ఆరో అంతస్తులో,
ఏసీ చలికి చున్నీ కప్పుకుని
లేని కొండల మీద, లేని వంతెనల చివర
చిన్న చిన్న జెండాలు పాతుతుంటాను.

బొమ్మ పిల్లాడు ఉరికొచ్చి తాకితే
జెండా టపటపా పైకి లేస్తుంది.
ఆ తర్వాత వాడు ముళ్ల మీద పడ్డా, లావాలో కాలినా
మొదటికి పోనక్కర్లేదు,
ఇక్కడికొస్తే చాలు.

వినడానికి సులువే.
గుంతకు ముందు పాతాలా, దాటాక పాతాలా?
మరీ దగ్గర దగ్గరగా పాతితే భయం చచ్చిపోతుంది,
భయం చచ్చిన ఆటను ఎవరూ రెండోసారి ముట్టుకోరు.
మరీ దూరంగా పాతితే
ఎక్కడో ఓ పిల్ల రిమోట్ విసిరికొట్టి
అన్నం తినకుండా పడుకుంటుంది.

"ఇన్ని జెండాలెందుకు మేడమ్,
కాస్త ఏడవనీయండి" అంటాడు టెస్టర్ రుత్విక్.
వాడికి ఇరవై రెండేళ్లు.
వాడు ఆడిన ఆటలన్నీ
వాడెక్కడ ఆగాడో గుర్తు పెట్టుకున్నవే.

సైదాబాద్‌లో, సగం దించిన షట్టర్ కింద
వంగి దూరితే నాలుగు టీవీలు.
అగరొత్తుల వాసన, దాని మీద సాక్సుల వాసన.
మూడు రూపాయలకు అరగంట.
నాలుగో టీవీకి ఎరుపు రాదు,
అందులో నిప్పు కూడా పచ్చగానే మండేది.

ఆ ఆటల్లో జెండాల్లేవు.
మూడు ప్రాణాలు, అంతే.
ఏడో మెట్టు మీద చచ్చినా ఎనభయ్యో మెట్టు మీద చచ్చినా
మళ్లీ అదే గడ్డి, అదే మబ్బు, అదే మొదటి ముళ్లపంది.
తెర ఎడమ నుంచి కుడికే జరిగేది.
వదిలేసిన నాణెం కోసం
ఒక్క అడుగు వెనక్కి వేయనిచ్చేది కాదు.

ఆ ఎండాకాలం మా అన్న సాయిలుకు జ్వరమొస్తే
వాడి మూడు రూపాయలు పట్టుకుని నేను పోయాను.
లోపల నేనొక్కదాన్నే ఆడపిల్లని.
పోరగాళ్లు జరిగి కూర్చున్నారు, అంటుకుంటుందేమో అన్నట్టు.
ఖలీల్ భాయ్ మాత్రం తల ఎత్తకుండా
"నాలుగోది ఖాళీ ఉంది" అన్నాడు.

పందొమ్మిదో నిమిషంలో, మంచు కోట గుమ్మం దగ్గర
(మా అన్న కూడా చూడని గుమ్మం)
కరెంటు పోయింది.

తెర నడుమ ఒక తెల్ల చుక్క
కాసేపు నిలబడి, అదీ పోయింది.
చీకట్లో అందరూ ఓ అని అరిచి నవ్వారు.
నేను రిమోట్ వదల్లేదు,
వదిలితే నిజంగా చచ్చినట్టే అనిపించి.

ఖలీల్ భాయ్ కొవ్వొత్తి ముట్టించి
రూళ్ల నోట్‌బుక్ తీశాడు.
"నామ్ క్యా బేటా?"
సాయిలు చెల్లెను, అన్నాను.
"వాని పేరు కాదమ్మా, నీది."
స్వరూప.
ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు, నిదానంగా రాశాడు.
రేషన్ కార్డులో కూడా నా పేరు
అంత నిదానంగా ఎవరూ రాయలేదు.
పక్కన పదకొండు అని అంకె వేశాడు.
"రేపు రా. నీ నిమిషాలు నా దగ్గర భద్రం."

రేపు రాలేదు.
అన్నది టైఫాయిడ్ అని తేలింది.
నల్లకుంట ఫీవర్ దవాఖానలో పద్దెనిమిది రోజులు,
బెంచీ మీద నేను, బత్తాయిల సంచి.
వాడు గుండుతో ఇంటికొచ్చాడు.
ఆ నెలలోనే మేం రామంతాపూర్‌కు ఇల్లు మారాం.

మొన్న చంపాపేట నుంచి వస్తూ
అక్కడ స్కూటీ ఆపాను.
షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంది.
లోపల ఫోన్ కవర్లు, వాటి వెనక ఒక కుర్రాడు.
ఏమని అడగాలి?
నా ఫోన్‌కు సరిపోని కవరొకటి కొనుక్కుని వచ్చాను.

ఇవాళ తొమ్మిదో లెవెల్లో
మంచు గుమ్మానికి రెండడుగుల ముందు
ఒక జెండా పాతాను.
సాయంత్రానికి రుత్విక్ నుంచి రిపోర్టు:
'గాలి కుడివైపు వీస్తోంది,
ఈ ఒక్క జెండా ఎడమవైపు ఎగురుతోంది.
బగ్.'

బగ్ కాదు, అని రాసి
మూసేశాను.