మూటలు మార్చే చోటు

గుంతకల్లు, స్టేషన్ రోడ్డు.
ఉగ్గాని బండి పక్కన ఆరడుగుల అంగడి నాది.
గోడ నిండా మేకులు, మేకుకో వైరు,
ఒక్కోదాని మూతి ఒక్కో తీరు.

ఇరవై అయిదు సూదుల వెడల్పు మూతి పాత ప్రింటరుది,
రెండు పక్కలా మరలు బిగిస్తే ఎద్దులు లాగినా రాదు.
ఊదా గుండ్రం కీబోర్డుకు, పచ్చ గుండ్రం మౌసుకు,
తారుమారైతే రెండూ మూగవే.
యూఎస్‌బీ మాత్రం అలిగిన చుట్టం:
ఇట్ల పెడితే పోదు, తిప్పి పెడితే పోదు,
మళ్ళీ మొదటి మాదిరే పెడితే
ఏమీ ఎరగనట్టు దూరుతుంది.

నిన్న పొద్దున
చెనిక్కాయల మిల్లు గుమాస్తా హంపయ్య వచ్చినాడు
కొత్త కంప్యూటరు సంకనేసుకుని.
"వేబ్రిడ్జి కాటా దీంతో మాట్లాడల్యాదప్పా,
బయట పదకొండు లారీలు నిలబడుండాయి."
కాటాది తొమ్మిది సూదుల సీరియల్ మూతి.
ఇరవై రెండేండ్లుగా అదే మాట, అదే నిదానం.
కొత్తదానికి ఆ చెవే లేదు.
మధ్యలో బెత్తెడు ముక్క ఒకటి తగిలించి
వేగం తొమ్మిదివేల ఆరునూర్లకు దించినాక
తెరమీద అంకెలు కదిలినాయి:
పద్నాలుగు టన్నుల మూడునూట ఇరవై కిలోలు.
హంపయ్య ఆ అంకెకు దండం పెట్టినంత పనిచేసినాడు.
మున్నూరడిగితే ఇన్నూరిచ్చి పోయినాడు.

మా నాయన కుళ్ళాయప్పదీ ఇదే పని.
అప్పుడు ఈ ఊర్లో పట్టాలు రెండు రకాలు,
మీటరు గేజి సన్నది, బ్రాడ్ గేజి వెడల్పుది.
ఎవరి కొలబద్ద వాళ్ళకు నిజం.
తేడా మూడు జానలు,
అయినా దీని చక్రం దానిమీద నిలవదు.
రెండు వ్యాగన్లు ఎదురెదురుగా ఆగితే
నడుమ పదడుగుల బండపరుపు,
ఆ పదడుగులూ మా నాయన వీపు.
ఈ బండిలోంచి ఆ బండిలోకి
సిమెంటు, బెల్లం, నూనె డబ్బాలు,
ఒకసారి రాత్రంతా ఉప్పు.
చెమటకు కరిగి వీపంతా మండి
మూడు దినాలు బోర్లా పడుకునే బువ్వ తిన్నాడంట.
ఆ మూడు జానల సందులోనే
మా వీధి పొయ్యిలన్నీ వెలిగినాయి.

తర్వాత అన్నీ ఒకే వెడల్పైనాయి.
పూలదండల ఇంజను ఫోటో పేపర్లో పడింది.
బండ్లు ఆగకుండా పోయినాయి.
నాయన తలగుడ్డ విదిలించి భుజానేసుకుని
పట్టపగలే ఇంటికొచ్చినాడు.

ఫైర్‌వైర్ అని ఒకటుండె.
పెండ్లి వీడియోల వన్నూర్‌సాబ్ దాన్నే నమ్ముకున్నాడు.
టేపులోని పెండ్లి
ఒక్క అక్షింత జారకుండా దిగేది దాంట్లో.
మేలైందే గెలవల్లని యాడ రాసుండాది?
చౌకగా, ప్రతి డబ్బాకూ దొరికిందే గెలిచింది.
నలభై పెండ్లిళ్ళు అట్టపెట్టెలో పెట్టుకుని
నెలకోసారి వచ్చి అడుగుతాడు,
"ఆ మూతి దొరికిందా?"
బళ్ళారిలో పాత మిషను ఒకటుందంట. పోవల్ల.

ఇప్పుడు టైప్-సి.
నాయన చేతికిస్తే తిప్పి తిప్పి నాలుగుసార్లు పెట్టినాడు,
నాలుగుసార్లూ పోయింది.
"ఎట్ల పెట్టినా పోతే, ఇంగ నీ అంగడి మూసేయల్ల గదరా."
మూతి ఒకటే గానీ నాయనా,
ఒక వైరు కరెంటే మోస్తుంది, ఒకటి బొమ్మ కూడా మోస్తుంది,
ఒకటి అన్నీ మోస్తానని అట్టమీద రాసుకుని
ఏదీ సరిగా మోయదు.
పైకి చూస్తే తెలీదు.

నాయన ఆ వైరును రొంతసేపు అరచేతిలో తూచినాడు.
"మా కాలంలో సన్నది సన్నదే, వెడల్పుది వెడల్పే.
చూస్తానే తెలుస్తాండె, యాడ దించల్లనో."

అంతలో గూడ్సు, ఆగకుండా.
అంగడి అద్దాలు అదిరి
మేకులకున్న మూతులన్నీ ఒక్కసారి ఊగినాయి.
నాయన పెదాలు కదులుతున్నాయి,
వ్యాగన్లు లెక్కబెడుతున్నాడు.
యాభై ఎనిమిది, అన్నాడు,
కూలి ఎవరో ఇయ్యాల్సి ఉన్నట్టు.