పద్నాలుగు మిల్లీమీటర్లు

తెల్లారి నాలుగింటికి ఫిషింగ్ హార్బరులో
మా పెద్దమ్మ మైలపల్లి పోలమ్మ
రొయ్యల తలలు తుంచి బుట్టలో పారేస్తుంటే
ఆ తలల్నే అడిగి తెచ్చుకుంటాను.
"ఏటే గుంటా, కండ మాకొగ్గేసి
తుక్కు నువ్వట్టుకెల్తావు?"
థర్మోకోల్ పెట్టెలో ఐసు కూరి
సిటీ బస్సు వెనక సీట్లో కూచుంటాను.
కండక్టరు ముక్కు మూసుకునే టిక్కెట్టు కొడతాడు.

తుక్కు కాదు పెద్దమ్మా.
ఆ బురదలో, ఆ కుళ్ళులో,
డాక్టరూ మందులషాపూ లేకుండా
రొయ్య ఎలా బతికిందనుకున్నావు?
దాని నీలం నెత్తుట్లో ఒక పెప్టైడు ఉంది,
పూసలదండ లాంటిది, ముప్పై పూసలు కూడా ఉండవు.
బాక్టీరియా పొరని వెతుక్కుంటూ పోయి
అంటుకుని, దిగబడి, చిల్లి పెడుతుంది.
నావకి చిల్లి పడితే సముద్రం ఏం చేస్తుందో
నీకు నేను చెప్పాలా?

మా ఫ్రీజర్లో అడుగు అరలో
ఒక బుడ్డి సీసా మూత మీద
నా చేతిరాత: ప.23.
పడక ఇరవై మూడు, కేజీహెచ్, కాలిన గాయాల వార్డు.
మనిషి పేరు రాయకూడదని రూలు.
పేరు నాకు తెలుసు.
గొర్లె అప్పలసూరి, వెల్డరు, కాంట్రాక్టు పని.
పుండు మీద దూదిపుల్ల అద్దుతుంటే అడిగాడు,
"ఇది మందేటమ్మా?"
మందు కాదు బాబూ, పరీక్ష.
"పాసవుతానేటి?"

పదకొండు మందుబిళ్ళలు పెట్టాం ప్లేటులో.
పదకొండింటి అంచుదాకా
వానకి గడ్డి లేచినట్టు లేచింది ఆ క్రిమి.
ఆఖరి మందు కొలిస్టిన్. దాన్నీ దాటింది.
తొమ్మిదో రోజు సాయంత్రానికి
పడక మీద ఉతికిన దుప్పటి.

అతను లేడు. అతన్ని తిన్నది ఉంది,
మైనస్ ఎనభై డిగ్రీల్లో ముడుచుకుని.
లేపితే లేస్తుంది,
ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది.
మొన్న మేలో కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే
హార్బరు నుంచి ఆటోలో ఐసు దిమ్మలు మోయించి
దాన్ని గట్టెక్కించింది నేనే.
చంపాలంటే ముందు సాకాలి.
ఈ సంగతి పెద్దమ్మకి చెప్పలేదు.

పదహారు పెప్టైడులు ఓడాయి.
ఒకటి నీళ్ళలో కరగనంది.
ఒకదాన్ని రక్తంలోని ఎంజైములు గంటలో కొరికి ఉమ్మేశాయి.
ఒకటి ఉప్పు తగలగానే చేతులెత్తేసింది,
సముద్రప్పిల్లకి ఉప్పంటే భయం!
ఆ రాత్రి నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు.
పదిహేడోదాన్లో నాలుగో పూస తీసి లైసిన్ గుచ్చాం,
తొమ్మిదో చోట ట్రిప్టోఫాన్.

ఇవాళ పొద్దున్న ఇంక్యుబేటరు తలుపు తీస్తే
ప్లేటు నడిమధ్య, మసక పొర మీద,
గుండ్రంగా, తేటగా,
ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడానికి స్కేలు పెట్టాను.
పద్నాలుగు మిల్లీమీటర్లు.
కిటికీ అవతల డాల్ఫిన్ నోస్ కొండ
అప్పుడే మంచులోంచి ముక్కు బయటపెడుతోంది.
ఎవరికి చెప్పాలి?
పాసయ్యావు బాబూ అని
ఏ పడక దగ్గరికెళ్ళి చెప్పాలి?

మధ్యాహ్నం ఇంకో పరీక్ష, మనిషి నెత్తురుతో.
నాదే తీసిచ్చాను.
గొట్టం అడుక్కి దిగాల్సిన ఎరుపు దిగలేదు.
నీళ్ళన్నీ దానిమ్మరసం.
క్రిమి పొరకీ నా పొరకీ
పదిహేడుకి తేడా తెలీలేదు.
ఫిలోమినా మేడం కళ్ళద్దాలు తుడుచుకుని
నోటుబుక్కులో పద్దెనిమిది అని రాసి
కింద గీత గీసి, టీ తాగుదామా అంది.

మర్నాడు నాలుగింటికి మళ్ళీ హార్బరు.
పెద్దమ్మ చూపుడువేలికి రొయ్య కొమ్ము దిగిందట.
పసుపు మెత్తింది.
"తగ్గిపోద్దిలేయే, ఇలాటివెన్ని సూల్లేదు."
బుట్ట నా వైపు తోసింది.
పసుపు కింద ఆ ఎరుపు ఎంతమేర ఉందో
నా కన్ను దానంతటదే
కొలుస్తోంది.