తర్జుమా

సిరొంచ దవాఖానకు గురువారం గురువారం
గడ్చిరోలి నుంచి మేడం వస్తది.
ఆమెకు తెలుగు రాదు,
బానయ్య మరాఠీ పత్తి ధర దాకనే.
నడుమ నేను, చాయ్ గిన్నె దించి
కొంగుకు చేతులు తుడుచుకుంట.

"పానం మంచిగ లేదు" అన్నడు.
పోయినసారి కాంపౌండర్ జ్వరమని రాసి
గోలీలిచ్చిండు.
పానమంటే ఒళ్లొక్కటే కాదు మేడం.
పత్తి తడిసిన కాడినుంచి
ఆయన కంచంల అన్నం అట్లనే ఎండుతున్నది.
మరాఠీల దీనికి మాటున్నదో లేదో,
నేను కంచం ముచ్చటే చెప్పిన.

మేడం కలం పక్కన పెట్టింది.
"చచ్చిపోవాలని అనిపిస్తుందా, అడుగు."
ఎదురింటి మనిషిని ఎట్లడుగుత?

అడిగిన.

బానయ్య నా దిక్కే చూసిండు:
"ఇన్నొద్దులకు అడిగినవా, లసుమక్కా."
ఆ ఒక్క మాట తర్జుమాకు చానాసేపు పట్టింది.

మళ్ల గురువారం దాకా ఏడు రాత్రులు.
ఆటో సడవలి రెండు తీసుకున్నడు.
భజన మండలోళ్లు మూడు, వాళ్లల్ల వాళ్లు కొట్లాడి.
వాడకట్టు పురుగుమందు డబ్బాలన్నీ ఒక్క గదిల;
తాళంచెవి ఎవలి దగ్గరున్నదో చెప్ప.

నాకు మంగళవారం, బుధవారం వచ్చినయి.
చాయ్ పెట్టిన. ఏమడగలేదు.
బిస్కట్ విరిచి సగం ముంచుకుని తిన్నడు.
మిగిలిన సగం జేబుల పెట్టుకున్నడు,
పొద్దుటికని.