విచారణ

మా దగ్గర విచారణ అంటే
పోలీసులు చేసేది కాదు.
ఒక గుడి, దాని కింద పదకొండు ఊళ్లు,
పదకొండు ఊళ్లకు ఒక ఫాదరు,
ఆ ఫాదరుకు వానాకాలం మొరాయించే ఒక బండి.
కాజీపేట రైలుకట్ట అవతల, పీఠాధిపతి గారి ఆఫీసులో
కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

జూబిలీ సంచికకు చరిత్ర రాయమన్నారు.
పీఠాధిపతుల పేర్లు, పక్కన ఫొటోలు,
అరపేజీలో అయిపోయింది.
మిగతా సగంలో చెట్టు బొమ్మ గీశాను:
పైన హైదరాబాదు అగ్రపీఠం,
దాని కింద మా మేత్రాసనం,
మా కింద విచారణలు,
వాటి కింద పూరిగుడిసెల్లో పూజ జరిగే ఊళ్లు.
గీశాక చూస్తే
వేర్లు ఎటు పెట్టాలో తెలియలేదు.

ఇనుప బీరువాలో రిజిస్టర్లున్నాయి.
చెదలు తిన్నంత తిని వదిలేసినవి.
ఇటలీ నుంచి వచ్చిన స్వామి లాటిన్లో రాసుకున్నాడు:
పోశయ్య కొడుకు పౌలుస్,
ఎల్లమ్మ బిడ్డ ఎలిజబెత్తా.
ఒకే ఊరి పేరు నాలుగు పేజీల్లో నాలుగు తీర్ల.
ఆయన చెవిలో మన ళకారం ఎన్నడూ కుదురుకోలేదు.

జ్ఞానతండ్రి అనే గడిలో మాత్రం
పేజీ తర్వాత పేజీ ఒకటే సంతకం,
లాటిన్ మధ్య తెలుగులో, వంకరగా:
ఉపదేశి చిన్నప్ప.
మా తాత.
నాలుగు వందల పదహారు మందికి జ్ఞానతండ్రి,
ఇంట్లో ఆరుగురికి అంబలి తండ్రి.
నెలకు పన్నెండు రూపాయలు, అవీ హాలీ సిక్కా.
సైకిలు హ్యాండిలుకు కందీలు కట్టుకొని
జపమాల నేర్పడానికి పోతే
రజాకార్లొకసారి, దళమొకసారి ఆపి
నువ్వెవరి మనిషివి అని అడిగారట.
అదీ విచారణే.

మరణాల రిజిస్టర్లో చివరి గడి, పాతిన చోటు:
తూర్పు తోట, పడమటి తోట.
గుంటూరు దిక్కు నుంచి భూములు కొనుక్కుని వచ్చినవాళ్లు తూర్పున,
డప్పు కొట్టే చేతులవాళ్లు పడమర, వాగు గట్టుకు.
సిరా ఒకటే. రాసిన చేయి ఒకటే.
ఈ గడి ఎవరు గీశారని
ఎక్కడా రాసి లేదు.

మొన్న ఆగ్నేసమ్మ వచ్చింది.
ఆధార్లో కొమురమ్మ, ఊళ్లోనూ కొమురమ్మే.
"పింఛనుకు వయసు కావాలె బిడ్డా,
నేను పుట్టినట్టు ఏడన్న రాసి ఉన్నదా?"
వెతికాను. ఉంది. జ్ఞానస్నానం నాటికి నాలుగు నెలలు.
వేలిమీద లెక్కబెట్టుకొని
"గింత పెద్దదాన్నా" అని నవ్వింది,
కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది.

అదే రోజు సాయంత్రం ఒక పిల్లవాడు,
కానిస్టేబుల్ పరీక్ష పాసైనవాడు.
కూర్చోమంటే కూర్చోలేదు.
"మేడం, మా కాగితాలన్నీ ఎస్సీ మీదనే ఉన్నయి.
రేపు ఎవరన్న వచ్చి ఈ బుక్కులల్ల మా తాత పేరు
ఉన్నదా అని అడిగితె..."
ఆ మాట అక్కడే ఆపేశాడు.
గోడమీద సిలువ వైపు చూడలేదు,
నావైపూ చూడలేదు.
నేను బీరువా తలుపు దగ్గరికేశాను.
తాళం పడ్డ చప్పుడు ఇద్దరం విన్నాం.

హన్మకొండ ప్రెస్సు నుంచి ఫోను:
ఒక పేజీ మిగిలింది, ప్రకటన ఏమైనా ఉందా?
ఉంది, ఆగండి అన్నాను.
తాత సంతకమున్న పేజీ తెరిచి
కిటికీ వెలుతురులో పెట్టి ఫొటో తీశాను.
ఆ సంతకం పక్క వరుసలోనే
ఆ పిల్లవాడి తాత పేరు.
దానిమీద బొటనవేలు పెట్టాను.

ఫొటోలో
నా వేలే పెద్దగా వచ్చింది.