పడింది, పడలేదు

ఐదు వారాలుగా నా లెక్కల పుస్తకంలో
రెండే మాటలు.

లబాన్: పడింది.
మెత్తగా మెదిపిన పప్పు: పడింది.
గుడ్డు: సోమవారం పడింది.
బుధవారం అదే గుడ్డు, అదే పెనం,
గొంతు దిగి రొమ్ము కింద కూర్చుని
కదలనంది.

మా భాషలో ఒక చిత్రం ఉంది హెబా డాక్టరమ్మా,
తిండి ఒంటికి కుదిరితే పడింది అంటాం.
ఇద్దరి మధ్య మాటల్లేకపోతే పడదు అంటాం.
నా కడుపూ నేనూ
నలభై మూడేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లం.
నువ్వు అరటికాయంత మిగిల్చి తక్కింది కోసేశాక
ఒకరికొకరం పడటం లేదు.

మంగఫ్‌లో, సముద్రం కంటే ముందు
ఎండు నిమ్మకాయ వాసన ఎదురొచ్చే సందులో
కేటరింగ్ వంటింటికి పెద్దని నేను.
ఆరువందల మందికి మచ్‌బూస్ దించిన చెయ్యి.
నా గరిటె నా భుజమెత్తు.
ఇప్పుడు దగ్గుమందు మూతతో
మధ్యాహ్నాన్ని కొలుచుకుంటున్నా.
ముప్పై మిల్లీలీటర్లు. ఆగు.
మళ్లీ ముప్పై.
ముద్ద తింటే అరగంట దాకా నీళ్లు లేవు.
బయట యాభై డిగ్రీలు.
దాహం, ఆకలి
పగటి షిఫ్టు వాడూ రాత్రి షిఫ్టు వాడూ అయ్యారు,
ఒకడు లేస్తేగానీ
ఇంకొకడికి మంచం లేదు.

ఉప్పు చూడటమే నా ఉద్యోగం.
నాలుక్కి తాకించి ఉమ్మేస్తున్నా.
పియదాస మర్యాదగా అటు తిరిగి
ఉల్లిపాయలు కోస్తాడు, కోసినవే మళ్లీ.

నూట నలభై ఆరు కిలోలప్పుడు
నాతో లిఫ్టు ఎక్కడానికి జంకినవాళ్లు
"బాగా తగ్గావు ఓబులేసూ" అని భుజం తడుతున్నారు.
బరువు పడిపోతోంది, నిజమే.
అదొక్కటే
నన్నడక్కుండా పడేది.

అన్నం సంగతి చెప్పాలి.
నాలుగు మెతుకులు. లెక్కపెట్టి నాలుగు.
నోటి నిండా నురగ.
స్టోర్ రూములో బకెట్టు పట్టుకుని
బియ్యం బస్తాల మధ్య కూర్చున్నా,
అప్పులవాళ్ల మధ్య కూర్చున్నట్టు.
ఆ రోజు పడలేదు అని రాయడానికి చెయ్యి రాలేదు.
అన్నం, అని రాసి
పక్కన ఖాళీ వదిలా.

శుక్రవారం సుంకులమ్మ వచ్చింది.
చిట్వేలి మనిషి, ఇక్కడ ఒక అరబ్బు ఇంట్లో
నలుగురు పిల్లల్ని పెంచుతోంది.
సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది,
మూత తియ్యకముందే తెలిసింది.
సంగటి.

మా అవ్వ నేర్పిన మొదటి చదువు:
సంగటిని నమలగూడదురా, మింగల్ల.
నమిలేవాణ్ని చూసి బంతిలో నవ్వేవాళ్లు.
ఊరిబిండి అద్ది గుటుక్కున దించితే
అది కడుపులో పడిన చప్పుడు
పక్కవాడికి వినపడాల.
డాక్టరమ్మ చదువు వేరే:
ఇరవై ఐదు సార్లు నమిలాకే
మింగడం గురించి ఆలోచించు.

రేగిపండంత చిదిపి
నాలుక మీద పెట్టుకున్నా.
ఒకటి. రెండు.
తొమ్మిది దగ్గర పళ్లకంటుకుంది.
పదకొండు దగ్గర అవ్వ నవ్వింది.
పదిహేడు దగ్గర
తీపి తగిలింది.

రాగిలో తీపి ఉందని
ఇన్నేళ్లూ నాకు తెలీదు.
ఎప్పుడన్నా చెప్పబోయిందేమో,
నేను నోట్లో నిలవనిస్తే కదా.

"ఏం అన్నా, పడిందా?"
సుంకులమ్మ చేతిలో మూత అలాగే ఉంది.
ఆగమని చెయ్యెత్తా.

రొమ్ము కింద ఆ అరటికాయంత మనిషి
గొళ్లెం తియ్యకుండానే
తలుపు సందులోంచి చూస్తున్నాడు,
ఎవరొచ్చారా అని.

ఇరవై మూడు.
ఇరవై నాలుగు.