కట్టినవారు

శుక్రవారం సాయంత్రం పాత సర్వర్‌కి వీడ్కోలు చెప్పాం.
కేకు కూడా కోశాం.
సోమవారం పొద్దున బిల్డ్ ఎర్రబడింది.

పెరుంగుడి, ఏడో అంతస్తు.
కిటికీ అవతల పళ్ళికరణై చిత్తడి మీద వాన,
తెర మీద ఒకటే మాట:
దొరకలేదు.
ఫలానా లైబ్రరీ, ఫలానా వెర్షన్,
అడిగిన చోటల్లా అడిగాం, దొరకలేదు.

అదేం పెద్ద సరుకు కాదు,
పద్దెనిమిది కిలోబైట్లు.
అంకె వేస్తే మాటలు చేసిపెడుతుంది:
అక్షరాలా ఒక లక్షా పదకొండు వేల పదహారు రూపాయలు మాత్రమే.
ఆ "మాత్రమే" రాసే చెయ్యి లేక
ఒక సహకార బ్యాంకుకి ఈ రాత్రి వెళ్ళాల్సిన రిలీజంతా
గుమ్మంలో చెప్పులు తొడుక్కుని నిలబడి ఉంది.

ఇళవరసి కొత్తగా చేరిన పిల్ల.
"లోకమంతా తెచ్చుకునే చోటే అడిగాను సార్, లేదంటోంది."
లోకం దగ్గర ఎందుకుంటుందమ్మా,
అది మనింట్లో కలిపిన కారప్పొడి.

సెట్టింగ్స్ ఫైలు విప్పాం.
అందులో ఒక అద్దం. మిర్రరంటారు.
ఎవర్ని అడగబోయినా ముందు నన్నడుగు అంటుంది.
అది చూపించే చిరునామా శుక్రవారమే చచ్చిపోయింది.
అద్దం తీసేశాం.
వెనక గోడ ఉంది, మేకు ఉంది.

మధ్యాహ్నం మూడయ్యాక ఇంకో సంగతి బయటపడింది.
ఒకసారి దొరక్కపోతే
మేవెన్ ఆ సంగతి చీటీ రాసి దాచుకుంటుందట.
మళ్ళీ అడిగితే కాలు కదపదు,
చీటీ చూసి లేదనేస్తుంది.
నేను నవ్వాను. ఇళవరసి ఎందుకని అడగలేదు.
నా ఫోన్లోనూ ఒక నంబరుంది,
ఎనిమిదేళ్ళ కిందట ఒక రాత్రి ఎత్తలేదని
మళ్ళీ ఎప్పుడూ నొక్కనిది.

చీటీలన్నీ తుడిచి మళ్ళీ నడిపాం.
ఈసారి నిజంగానే వెతికింది పాపం.
నిజంగానే లేదు.

ఆరింటికి వాచ్‌మన్ దామోదరన్ వచ్చి
కరెంటు పోయేలా ఉంది, స్టోర్‌రూమ్ మిషను ఆపమంటారా అన్నాడు.
ఏ మిషను?

విరిగిన కుర్చీలు, తలల్లేని ఫ్యాన్లు,
వాటి వెనక ఒక పాత సీపీయూ, గుర్రు పెడుతోంది.
నుదుటి మీద పొరలు పొరలుగా చందనం, కుంకుమ,
పదేళ్ళ ఆయుధపూజలు.
పక్కన అరవంలో అంటించిన కాగితం: ఆపొద్దు.
ఎందుకాపకూడదో దామోదరన్‌కీ తెలీదు.
ఆపొద్దన్నారు, ఆపలేదు.
ఏటేటా దుమ్ము తుడిచి బొట్టు పెట్టాడు.

పాస్‌వర్డ్ కీబోర్డు కిందే ఉంది.
ఎవరూ చూడని దాపుడు ఫోల్డర్లో, మడతపెట్టినట్టుగా,
ఆ పద్దెనిమిది కిలోబైట్లు.
దానికి తోడు కావలసిన ఇంకో రెండూ దాని పక్కనే.

పెన్‌డ్రైవ్‌ని అరచేతిలో పెట్టుకుని,
నీళ్ళు తొణక్కుండా చెంబు మోసినట్టు ఏడో అంతస్తుకి.
కొత్త రిపోజిటరీలో పెట్టేముందు
జార్ విప్పి లోపల చూశాను, అలవాటు.
ఏడెనిమిది వరుసల చిన్న కాగితం ఉంటుంది ప్రతిదాంట్లోనూ.
ఏ జావాతో కట్టారు, ఏ పనిముట్టుతో కట్టారు,
కట్టినవారు:
ఆండాళు.

చూళై వీధుల్లో పుట్టిన పిల్ల.
తెలుగు గడగడా మాట్లాడేది, చదవడం రాదు.
"వేల పదహారా, వేలూ పదహారా?" అని
రోజుకి నాలుగుసార్లు నా సీటు దగ్గరికొచ్చి
నా నోటితో అనిపించుకుని వెళ్ళేది.
ఆ అంకెలన్నీ నేను పలికినవే.

సోర్సు దొరికితే నేనే మళ్ళీ కట్టేవాణ్ణి,
అప్పుడా వరుసలో నా పేరుండేది.
దొరకలేదు. మంచిదే.
ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించాను.

తొమ్మిదీ నలభైకి బిల్డ్ పచ్చబడింది.
వాన ఇంకా ఉంది.
ఇళవరసి సంచీ సర్దుకుంటూ అంది,
"ఈ ఆండాళు ఎవరు సార్? నంబరుందా?
ఒక థాంక్స్ చెబుదాం."

ఉంది, అన్నాను.