పదకొండు దినాల దేశం

వాయుగుండం తీరం దాటిన తెల్లారి
సరుగుళ్ళదిబ్బ దీవైపోయింది.
తూర్పున సముద్రం ఎప్పుడూ ఉండేదే.
పడమట బకింగ్‌హామ్ కాలువ మీద చప్టా కొట్టుకపోయింది,
ఉత్తరాన మొగ తెగింది,
దక్షిణాన రొయ్యల గుంటలు కట్టలు మింగి
అన్నీ ఒకే నీళ్ళయినాయి.
తుఫాను షెల్టరు నుంచి పోలేరమ్మ రాయి దాకా
నాలుగొందల అడుగులు మేము.
పోటుకి కొంచెం తక్కువ, పాటుకి కొంచెం ఎక్కువ.
సరిహద్దుల్ని దినానికి రెండుసార్లు దిద్దుకునే దేశం
పటంలో యాడ పడతాది?

నేను అంగన్‌వాడీ ఆయాని. పేరు వాయల దేశమ్మ.
పేరులో తప్ప దేశంతో నాకు పని పడలేదు అందాకా.
లెక్క చూస్తే ఆ దీవి ఖజానా
నా బీరువాలోనే ఉండాది:
గుడ్లు తొమ్మిది ట్రేలు, కందిపప్పు పదకొండు కిలోలు,
నూనె, పాలపాకెట్లు,
ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్ను.
తాళంచెవి రవికెలో దోపుకుని పడుకున్నా.

రెండోనాటికి నోట్లు చెల్లలేదు.
అగ్గిపెట్టెకి రెండు దోసిళ్ళ ఎండు నెత్తళ్ళు.
బీడీకట్టకి ఒక పూట కట్టెలు.
ఎకసిరి మస్తానయ్య ఫోన్లో మూడు శాతం చార్జింగు ఉండాదని
ఊరంతా అతన్ని అన్నా అని పిలిచింది.

ప్రభుత్వం కొత్తగా పెట్టుకునే పనిలేదు మాకు,
పెదకాపు తాతలనాడే ఉండాడు.
పామంజి కావేరయ్య షెల్టరు మెట్ల మీద తువ్వాలు పరిచి
కూచున్నాడంటే అసెంబ్లీ.
దురాయి వేశాడు: వేటకి పడవ దించకూడదు,
గుడ్లు పిలకాయలకీ చూలింతలకీ తప్ప లేవు,
తప్పినోడికి వెయ్యినూట పదహార్లు తప్పు.
ఆ డబ్బుతో ఏం కొనేదో ఎవరూ అడగలేదు.
ఆడోళ్ళం మెట్ల కింద నిలబడి విన్నాం.
ఆ దేశంలో కూడా మా చోటు అక్కడే.

నాలుగోనాడు గుంటల కాపలా యానాదోళ్ళు
తూము తలుపు మీద తేలుకుంటా వచ్చి దిబ్బకెక్కారు.
ఏకొల్లు చెంచురామయ్య, పెంచలమ్మ,
ఇద్దరు పిలకాయలు, ఒక కుక్క.
మనోళ్ళు కాదు గదా అన్నారెవరో.
పైటేల దాకా మాట్లాడి
సగం పాలు అని తేల్చారు పెద్దలు.

సగం గుడ్డు ఎట్టా కొలిచేది?
పెన్నుకి కట్టిన దారం విప్పి
ఉడికిన గుడ్డు కోసి చూశా,
పచ్చసొనంతా ఒక పక్కకే పోయింది.
రెండు ముక్కలూ కలిపి ఆ చిన్నోడి చేతిలో పెట్టి
రిజిస్టర్లో చివరి గీత కింద
నాలుగు పేర్లు రాశా.
కుక్కని రాయలేదు.

ఆరోనాటికి టాంకు అడుగున ఉప్పు తేలింది.
అల్లూరు నుంచి ఆటోలో వచ్చే డబ్బా నీళ్ళు
మా దిగుమతి అని అప్పుడు గదా తెలిసింది.
పెంచలమ్మ సరుగుడు తోపులో మోకాళ్ళ మీద కూలబడి
ఇసక నాలిక్కి తాకించి, ఉమ్మి,
పది అడుగులు జరిగి, మళ్ళీ తాకించి, తవ్వింది.
మూరెడు లోతున చెమ్మ. రెండు మూరలకి నీళ్ళు.
ఇంకా తవ్వబోయిన మా కుర్రోడి మణికట్టు పట్టుకుంది.
"దిగొద్దబ్బయా, ఉప్పు లేస్తాది.
తీపి నీళ్ళు ఉప్పునీళ్ళ మీద మీగడ మాదిరి.
మీగడ తీసుకో, చాలు."

పొద్దుగూకేలోపల కావేరయ్య ఇంటి బిందె కూడా
వరసలోకొచ్చింది.
సగం పాలు మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు,
ఎవరూ వెనక్కీ తీసుకోలేదు.

పదకొండోనాడు కొండగాలి తిరిగింది.
అవతలి గట్టు మీద జేసీబీ చప్పుడు,
పడవలో తాసిల్దారు, బియ్యం మూటలు, ఫొటోలు తీసే అబ్బాయి.
అందరం చేతులూపాం.
జెండా ఎగరేసిందే లేదు కాబట్టి
దించే పనీ లేకపోయింది.

నెల తిరిగాక సూపర్‌వైజరమ్మ రిజిస్టరు తిరగేసి
చివరి గీత కింద వేలు పెట్టింది.
"వీళ్ళు నీ సెంటరోళ్ళు కాదే. యే ఊరు?"
నోటికి ఊరి పేరు రాలేదు.
పద్నాలుగు గుడ్ల డబ్బు నా జీతంలో కోసుకుంది.

ఇప్పుడు చప్టా వేశారు, డబ్బా నీళ్ళ ఆటో వస్తా ఉండాది.
తోపులో చెలమ పూడిపోయిందనుకున్నా.
మొన్న కట్టెలకి పోతే
అంచున తడి ఇసక,
చుట్టూ కుక్క అడుగులు.